ఎండలో పెట్టిన నీలం

“మూత పెట్టింది నేనే నాయనా, ఇంకెవరు పెడతారు? రంగునీళ్ళు కనిపిస్తే చాలు, నా చేతులు మూత కోసం వెతుక్కుంటాయి!”

అద్దకం షెడ్డు మెట్టు మీద కూర్చుని, రంగుకు బట్టలిచ్చి పోదామని వచ్చిన కుర్రాడికి సంగతి చెబుతూ పెద్దమ్మ పకపకా నవ్వింది. వీధి వీధంతా ఆమెను పెద్దమ్మనే పిలుస్తుంది. వరసకు అలా పిలవాల్సింది మాత్రం చెల్లెలి కూతురొక్కతే. ఆ చెల్లెలుండేది గోడకవతలే. షెడ్డు కాలువ నీళ్ళు ఇంకి ఇంకి ఆమె బావి నీలం తిరిగినప్పటి నుంచి అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. “నీ రంగు నా బిందెలోకి వచ్చినన్నాళ్ళూ నీ మొహం చూడను” అనేసింది చెల్లెలు. షెడ్డు మూసేద్దామంటే పెద్దమ్మకు చేతనైన పని అదొక్కటే.

ప్రయోగశాలలో పనిచేసే ఆ కూతురే ఒకనాడు తెల్లటి పొడి పట్టుకొచ్చింది. జింక్ ఆక్సైడట. ఒక్కో రేణువూ కంటికి ఆననంత సన్ననట.

“పిండిలా ఉంది. ఏం చేస్తుందే ఇది?”

“రంగును ముక్కలు ముక్కలు చేసేస్తుంది పెద్దమ్మా. వాడేసిన రంగునీళ్ళ తొట్టిలో ఇది వేసి, బయట పెట్టి కలుపుతూ ఉండు, సాయంత్రం వస్తా.”

బయట పెట్టమంటే బయటే పెట్టింది. అయితే, పుట్టి బుద్ధెరిగాక రంగుబట్టను నీడనే ఆరేసిన మనిషి. ఎండంటే ఆమె లెక్కలో రంగులెత్తుకుపోయే దొంగ. కలిపినప్పుడల్లా మూత బిగించేసింది. సాయంత్రానికి నీళ్ళు నీలంగానే ఉన్నాయి.

“మీ అమ్మకు తగ్గ కూతురివే! నీ పొడి కూడా నా మాట వినడం లేదు.”

పిల్ల మూత చూసి నెత్తి కొట్టుకుంది. “ఎండ తగలాలి పెద్దమ్మా! ఎండ తగిలితేనే ఆ రేణువులు పనిలోకి దిగేది.”

మర్నాడు మూతలేని తొట్టి పక్కనుంచి పెద్దమ్మ కదల్లేదు. కర్రతో కలుపుతూనే ఉంది. ముదురు నీలం లేతబడింది. తర్వాత నీలమో కాదో తేల్చుకోలేని రంగుకు వచ్చింది. పొద్దు వాలేవేళ పిల్ల ఆ నీళ్ళు వడపోసి గాజుసీసాలో పోసింది. పెద్దమ్మ దాన్ని ఎత్తి పట్టుకుంటే, సీసా అవతల తన వేళ్ళు, గోళ్ళలో ఇరుక్కున్న నీలంతో సహా, స్పష్టంగా కనిపించాయి.

“బట్టకు రంగు పట్టించడం నాకు తెలుసు గానీ నాయనా, నీళ్ళకు రంగు వదిలించడం ఎప్పుడైనా చూశానా? నేను ఎవరి కంట పడకుండా దాచానో, ఆ సూర్యుడే దిగొచ్చి కడిగిపెట్టాడు.” ఆమె గొంతు గుసగుసకు దిగింది. “ఇక మీదట ఎండ చూడని చుక్క కాలువలోకి పోదు.”

లోపలికి వెళ్ళి ఆ సీసా తెచ్చి, కొంగుతో తుడిచి ఆ కుర్రాడి చేతిలో పెట్టింది.

“పోతూ పోతూ గోడవతల మా చెల్లికిచ్చి పో నాయనా. తాగమనకు, ఇంకా పరీక్షలు చేయాలట. ఒక్కసారి వెలుతురుకు పట్టి చూడమను, అంతే.”