వీడ్కోలు సభలో రెండు శాలువాలు

2023 చలికాలం. మాచర్లకు బస్సులో గంట దూరంలో ఉన్న పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, నేను స్టాఫ్ నర్సుని. అంతకు ముందు వచ్చిన డాక్టర్లు ఊరి దారి గుర్తుపట్టేలోపే బదిలీ చేయించుకునేవారు. శ్రావణి గారు మాత్రం మూడేళ్లు ఉన్నారు. సత్తెనపల్లిలో ఒక టైలరు గారి అమ్మాయి. ఆవిడ చదువుకు ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఇచ్చింది. దానికి బాండ్ ఉంటుంది. చదువయ్యాక డాక్టరు లేని ఊళ్లో మూడేళ్లు పనిచేస్తానని రాసిచ్చే ఒప్పందమన్నమాట. ఆ గడువు అయిపోవచ్చింది.

ఊరంతా దిగులుపడింది. అందరికంటే ఎక్కువ దిగులు కోటేశ్వరిది. మొదటి కాన్పప్పుడు ఇక్కడ డాక్టరు లేక మాచర్ల బయల్దేరితే, దారిలో ఆటోలోనే ప్రసవమై బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండుతున్నాయి. చెకప్‌కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, డాక్టరమ్మ పోయేలోపే నాకు కాన్పయిద్దా?"

"ఇంకా మూడు వారాలుందే. ధైర్యంగా ఉండు," అన్నాను. ధైర్యం నాకే లేదు.

వీడ్కోలు సభ పెట్టారు. మా ఊళ్లో సర్పంచి వర్గం, మాజీ సర్పంచి వర్గం పెళ్లిళ్లలో కూడా ఒకే పందిట్లో కూర్చోరు. ఆ రోజు ఒకే షామియానా కింద కూర్చున్నారు. సర్పంచి శాలువా కప్పితే, మాజీ గారు అంతకంటే పెద్దది కప్పారు. ఒకరు పావుగంట మాట్లాడితే రెండోవారు అరగంట. శ్రావణి గారు మధ్యలో లేవబోతే, "మీరు చివర్నమ్మా" అని కూర్చోబెట్టారు. ముందు వరసలో కోటేశ్వరి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. నేనూ అదే పనిలో ఉన్నాను.

చివరికి మైకు ఆవిడ చేతికొచ్చింది.

"భోజనాలున్నాయంటే వచ్చా. నేనెక్కడికి పోతున్నానని ఈ ఏడుపులు?"

సర్పంచి తెల్లబోయాడు. "అదేందమ్మా, మీ బాండ్ అయిపోయిందంటగా?"

"బాండే అయిపోయింది బాబాయ్. ఇక్కడే ఉంటానని పోయిన నెలే రాసిచ్చా. పైవాళ్లు సరేనన్నారు."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"ఎవరన్నా అడిగారా?"

నిజమే. పక్కనే పనిచేసే నేను కూడా అడగలేదు. పోతానంటారేమోనని అందరికీ భయం. కోటేశ్వరి పొట్ట పట్టుకుని పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి నా కడుపు నిండిపోయింది. అయినా పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నాను.

మూడు వారాల తర్వాత మా లేబర్ రూములోనే కోటేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే గది దద్దరిల్లేలా ఏడ్చింది. చలి ఎక్కువగా ఉందని మెత్తటి నూలుగుడ్డ చుట్టాను. పైన కప్పమని శ్రావణి గారు బీరువాలోంచి సర్పంచి ఇచ్చిన శాలువా తీసిచ్చారు. నేను కప్పి తలెత్తేసరికి రెండో శాలువా కూడా చేతికిచ్చారు.

"ఇది కూడా కప్పండి సిస్టర్. లేకపోతే ఊళ్లో గొడవలైతయ్."

ఇప్పుడు మా ఆసుపత్రికి కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజే అడిగేస్తున్నాను, మా ఊళ్లో ఉండిపోతారా అని. వీడ్కోలుకు శాలువాలు లేవని కూడా అప్పుడే చెప్పేస్తున్నాను.