దెబ్బకు తట్టుకునే పెట్టె

యూనిస్ కొత్త కంప్యూటరుకు ఒక్కో భాగం ఎంచుకున్నది వేగం చూసి కాదు, మొగుడి కాలు చూసి.

వాట్‌గంజ్‌లోని తెలుగు చర్చీలకు పాటల పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు టైపు చేసిపెట్టేది ఆమె. బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లు కూలీల లైన్లలో పుట్టి, తండ్రి గవరయ్య ఒళ్ళో కూర్చుని, బైబిలు మీద వేలు ఆనించి తెలుగు నేర్చుకుంది. ఆమె ఈడువాళ్ళు ఇక్కడ ఆ భాష మాట్లాడతారు గాని చదవలేరు. అందుకే ఆమెకు పని ఉంది. ఆ పని ఉన్నంతకాలమే కూతురు జూలీకి బడి. రేవులో బరువులు మోసే మొగుడు ప్రసన్నకుమార్‌కి సరిగ్గా అదే మింగుడుపడలేదు. అతనికి కోపం వస్తే ఇంట్లో ఏదో ఒకటి విరగాలి. ఈస్టరు ముందు పాత కంప్యూటరును కాలెత్తి తన్నాడు. లోపల తిరుగుతున్న డిస్కు గీసుకుపోయి, ఏళ్ళ తరబడి ఎక్కించిన పాటలన్నీ పోయాయి.

చాందినీ మార్కెట్టులో బెంగాలీ కొట్టతను అద్దాల కంప్యూటరు కేబినెట్టు ముందుకు జరిపాడు. "ఇది తీసుకో దిది, లోపల లైట్లు మెరుస్తాయి."

"అద్దం వద్దు దాదా. మందపాటి రేకుది చూపించు."

"ఈ రోజుల్లో ఇనప్పెట్టె ఎవరు కొంటారు? ఇంట్లో ఏనుగుందా ఏంటి?"

"ఉంది దాదా. రోజూ నేనే అన్నం పెడతాను."

అతను నవ్వాడు. ఆమే నవ్వింది. అద్దం పగిలితే పెంకులు జూలీ పాదాల్లో దిగుతాయి. లోపలి వేడి తగ్గించే కూలరు పెద్దది పెడితే, తన్నినప్పుడు దాని బరువే మదర్‌బోర్డును చీలుస్తుంది, పొట్టిది చాలు. గ్రాఫిక్స్ కార్డు అసలే వద్దు. డిస్కు మాత్రం తిరిగేది కాకుండా, బోర్డుకు స్క్రూతో బిగించే చిన్న ఎస్సెస్‌డీ అడిగి తీసుకుంది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, జూలీని పక్కింటి గురవమ్మ దగ్గర దిగబెట్టి, అన్నీ తానే బిగించింది. తెర వెలిగి, ఒక పాట సగం టైపు చేసేసరికి ప్రసన్నకుమార్ వచ్చాడు.

"మళ్ళీ తెచ్చేసినావేటే?"

తన్నాడు. రేకు సొట్టపడింది, తెర ఆరలేదు. మళ్ళీ తన్నాడు. కాలి గోరు లేచి నెత్తురు కారింది, తెర అలాగే ఉంది. యూనిస్‌కు లోపల గర్వంలాంటిదేదో పొంగింది. తన లెక్క సరిపోయింది మరి. కాని విరగాల్సింది విరగకపోతే ఆ దెబ్బ ఎటు పోతుందో మాత్రం ఆమె లెక్కలో వేసుకోలేదు.

"అది గట్టిదే. నువ్వేటి, గట్టిదానివా?"

జుట్టు పట్టి గోడకు కొట్టాడు. పెదవి చిట్లింది. కింద పడితే డొక్కలో తన్నాడు. ఊపిరి అందక ఆమె నేల గీరుతుంటే, వైర్లు లాగిపారేసి కేబినెట్టును రెండు చేతులా ఎత్తి వరండా వైపు నడిచాడు. కింద మూడంతస్తుల లోతు. దానికి తట్టుకునే రేకు ఏ బజారులోనూ దొరకదు.

యూనిస్ లేచి అతని మణికట్టు కరిచింది. పళ్ళు నరానికి తగిలినా వదల్లేదు. అతను అరిచి చెయ్యి విదిలించాడు. ఆ ఇనప్పెట్టె సూటిగా అతని పాదం మీదే పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"ఒలమ్మో! కాలిరిగిపోనాదే! ఆసుపత్రికి తీసుకెళ్ళే!"

ఆమె నోట్లోని నెత్తురు ఉమ్మింది. అందులో ఎవరిది ఎంతో తెలియదు. పెట్టెను గోడవారకు లాక్కుని పక్కరేకు విప్పింది. ర్యామ్ ఒక్కటే గాడిలోంచి పైకి లేచి ఉంది. బొటనవేళ్ళతో టక్కుమనేదాకా నొక్కి, వైర్లు పెట్టి, స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది.

అప్పుడు తలుపు తీసి కేకేసింది. "గురవమ్మత్తా! రిక్షా పిలువు. ఈయన్ని ఆసుపత్రికి ఎత్తించు. కట్టు కట్టేక ఆళ్ళన్న ఇంటికి తోలెయ్యమను. ఇక్కడికి మాత్రం ఒద్దు."

"ఇది నా ఇల్లే," అన్నాడతను నేల మీదనుంచి.

"ఐతే నడిసి రా."

నలుగురు మగాళ్ళు అతన్ని దింపుకెళ్ళారు. ఆమె జూలీని లోపలికి తీసుకుని గడియ వేసి, సగంలో పోయిన పాటను మళ్ళీ మొదటి నుంచి టైపు చెయ్యడానికి కూర్చుంది.