పంక్చర్ బ్రదర్ నవ్వు

మా చెల్లెలి పెళ్ళిలో పెళ్ళికొడుకు నవ్వాడు. ఫొటో కోసం పళ్ళు కనబడేలా నవ్వడం కాదు. పాస్టర్ గారు ప్రమాణం చెప్పిస్తుంటే ముందు అతని భుజాలు కదిలాయి, తరవాత ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది, ఆపైన ఆపడం అతని తరం కాలేదు. పాస్టర్ గారు రెండుసార్లు మళ్ళీ మొదటి నుంచి చెప్పించాల్సి వచ్చింది. అక్కను కాబట్టి నేను ముందు వరసలో కూర్చున్నాను, నాకు తల కొట్టేసినట్టయింది. "పిల్ల గొంతు కోశాం కదండీ" అని మా ఆయన చెవిలో అన్నాను. చూస్తే ఆయనా నవ్వుతున్నాడు.

ఆ పెళ్ళికొడుకే మా మరిది. నాలుగు రోడ్లు కలిసే చోట అతనికి చిన్న షాపు ఉంది, టైర్లకు పంక్చర్లు వేస్తాడు. గాలి కొట్టే మిషను, నీళ్ళ తొట్టి, గోడకు వేలాడే పాత ట్యూబులు, కూర్చోవడానికి కాలు విరిగి కట్టుకట్టించుకున్న స్టూలు. పంక్చరైన బండిని ఎండలో తోసుకుంటూ మొహం మాడ్చుకుని వచ్చినవాళ్ళు, ట్యూబుకి ప్యాచ్ పడేలోగా కడుపు పట్టుకుని నవ్వుతుంటారు. అక్కడ అతను ఎంత నవ్వినా ఎవరికీ నష్టం లేదు. చిక్కల్లా నవ్వకూడని చోట. చుట్టూ ఉన్నవాళ్ళు గంభీరంగా మారేకొద్దీ అతనికి లోపల ఏదో పొంగుకొస్తుంది. ఎవర్నీ ఎగతాళి చేయడానికి కాదు, అది నేను ఒప్పుకుంటాను. కానీ చనిపోయినవాళ్ళ భూస్థాపన దగ్గర, పెద్దల మీటింగులో, బైబిలు వాక్యం చదివేటప్పుడు, ఇలాంటి చోట్ల అతని పక్కన కూర్చోవాలంటే నా గుండె పీచుపీచుమనేది.

పెళ్ళయ్యాక అతను ప్రతి ఆదివారం ఆరాధనకు రావడం మొదలుపెట్టాడు. సంఘంలో అందరూ పంక్చర్ బ్రదర్ అనేవారు. వెనక వరసలో, తలుపు పక్కన కూర్చునేవాడు. ముంచుకొస్తే బయటికి పరుగెత్తడానికి వీలుగా ఉంటుందని.

ఇలా కొన్నేళ్ళు గడిచాక పాస్టర్ గారు ఒక నెలంతా కృపావరాల గురించి బోధించారు. శరీరంలో పనికిరాని అవయవం లేనట్టే సంఘంలో పనికిరాని మనిషి ఉండడని, ప్రతి విశ్వాసికీ దేవుడు ఏదో ఒకటి ఇచ్చే ఉంటాడని ఆయన మాట. నెలాఖరు ఆదివారం ఎవరికి వాళ్ళు లేచి నిలబడి, ఏ పరిచర్య చేస్తారో చెప్పాలి. వాళ్ళ కోసం ప్రార్థన చేస్తారు. ఈ సంగతి మా మరిది మొదట్లో పట్టించుకున్నట్టు లేదు. ఒకరోజు వాళ్ళ కూతురు, బళ్ళోకెళ్ళే పిల్ల, బూట్లు తొడిగించుకుంటూ అడిగిందట.

"నాన్నా, అమ్మ గుళ్ళో పాటలు పాడుతుంది. పెద్దమ్మ అందర్నీ తిడుతుంది. నువ్వేం చేస్తావు?"

నేను తిట్టను, సరిచేస్తాను. అది వేరే సంగతి. పిల్ల అడిగిన మాట మాత్రం అతని మనసులో గుచ్చుకుంది. నేనేం చేస్తాను అని అతను నన్నడిగాడు, చెల్లెల్ని అడిగాడు, షాపుకొచ్చిన వాళ్ళనీ అడిగాడు. చివరికి ఒక్కొక్కటే చేసి చూద్దామని బయల్దేరాడు.

ముందు పాటల బృందంలో చేరాడు. గొంతు బాగానే ఉంది. నెమ్మదిగా సాగే పాటలో అందరూ కళ్ళు మూసుకుని పాడుతుంటే, పక్కాయన గొంతు మధ్యలో చీలి కీచుమంది. అంతే. ఆ పాట పూర్తవలేదు. తరవాత కానుక సంచి పట్టుకోమన్నారు. కునుకు తీస్తున్న ఒక పెద్దాయన ఉలిక్కిపడి లేచి, జేబులోంచి కళ్ళజోడు తీసి సంచిలో వేశాడు. దాన్ని వెతికి ఇచ్చేసరికి మూడు వరసల దాకా నవ్వు పాకింది. సండే స్కూలుకి పంపిస్తే పిల్లలు అతన్ని నెత్తిన పెట్టుకున్నారు, కాకపోతే ఓడలోకి జంతువులెక్కే పాఠం రోజున లోపల పాస్టర్ గారి ప్రసంగం ఎవరికీ వినపడలేదు. ఆఖరికి మౌనప్రార్థన బృందం. గదిలో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎవరి కడుపో గుడగుడమంది.

ప్రతిసారీ వచ్చి ఆ పని మానిపించింది మా సంఘపెద్ద గుమాస్తా గారు. ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు సంఘంలో లేరు. అయితే చెడ్డవాడు కాదు. పాపం, ప్రతిసారీ ఎంతో మర్యాదగా "బ్రదర్, ఇది మీ వరం కాదేమో, ఇంకోటి చూద్దాం" అనేవాడు.

నెలాఖరు దగ్గర పడింది. మా బండికి గాలి కొట్టించుకుందామని షాపుకెళ్ళి నేను స్టూలు మీద కూర్చున్నప్పుడే పాస్టర్ గారు కూడా స్కూటరు తోసుకుంటూ వచ్చారు. మా మరిది చక్రం విప్పి, ట్యూబు బయటికి లాగి, నీళ్ళలో ముంచి తిప్పుతున్నాడు. ఆ రోజు అతని మొహంలో నవ్వన్న మాటే లేదు.

"అయ్యగారూ, అందరికీ వరాలిచ్చిన దేవుడు నాకు జబ్బిచ్చాడండి" అన్నాడు తల ఎత్తకుండా. "ఆదివారం అందరూ లేచి నిలబడతారు. నేనొక్కణ్ణే కూర్చుంటే మా పిల్ల చూస్తుంది. అందుకని రాను. ఆ తరవాత కూడా రానేమో."

నవ్వేవాడు నవ్వు మానేస్తే ఎంత దిగులుగా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. ఏదో ఒకటి అందామనుకున్నాను కానీ మాట దొరకలేదు.

"శనివారం మా పరామర్శ బృందంతో రా" అన్నారు పాస్టర్ గారు.

"రోగుల దగ్గరికా?" అన్నాను నేను. ఈసారి మాట దొరికింది. "అయ్యగారూ, ఇతన్నా?"

"వస్తే ఏమవుతుందమ్మా?"

ఏమవుతుందో నేను చెప్పగలను. కానీ పాస్టర్ గారితో వాదించడం బాగుండదని ఊరుకున్నాను.

శనివారం వెళ్ళింది లెక్కల మాస్టారి ఇంటికి. సంఘంలో సగం మందికి ఎక్కాలు నేర్పిన మనిషి. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మాట కొద్దిగా వస్తుందని డాక్టరు చెప్పినా ఆయన మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, కన్నకూతురితో కూడా పలకడం మానేశాడు. మా బృందంలో మిగతావాళ్ళు తెల్లబట్టలతో, చేతిలో బైబిళ్ళతో మంచం చుట్టూ అర్ధచంద్రాకారంగా కూర్చున్నారు. మా మరిది గడప దగ్గర నిలబడ్డాడు. అతని పక్కనే నేను. పొడవడానికి మోచెయ్యి సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఒక పాట పాడుకుందాం" అన్నాడు గుమాస్తా గారు.

ఏళ్ళ తరబడి మా సంఘంలో ఏ భూస్థాపన జరిగినా పాట ఎత్తుకునేది ఆయనే. పుస్తకం లేకుండా వచ్చే పాట ఆయనకు అదొక్కటే. ఆయన అదే ఎత్తుకున్నాడు. అలవాటు కొద్దీ మేమూ అందుకున్నాం. మొదటి చరణం అయిపోయింది. రెండో చరణంలో, ఇక సెలవని చెప్పే దగ్గర, మంచం మీద కదలిక కనిపించింది. మాస్టారు నెమ్మదిగా మావైపు తిరిగాడు. తెల్లబట్టలన్నిటినీ ఒకసారి చూశాడు. వంకరపోయిన నోటితో, ఒక్కో ముక్కే కూడదీసుకుని అన్నాడు.

"గుమాస్తా... నేనింకా... పోలేదయ్యా."

పాట ఆగిపోయింది. పక్కన మా మరిది భుజాలు కదులుతున్నాయి. పొడిచాను. ఇంకోటి పొడిచాను. లాభం లేకపోయింది. అతను తలుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా విరగబడి నవ్వాడు. భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

అంతలో మంచం మీంచి ఇంకో శబ్దం వచ్చింది. వంటింట్లోంచి మాస్టారి కూతురు చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది, నాన్నకు ఊపిరాడట్లేదేమోనని. ఊపిరాడకపోవడం కాదు. మాస్టారు సగం మొహంతో నవ్వుతున్నాడు. ఆ అమ్మాయి గరిటె పట్టుకునే గడప మీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నాకూ కళ్ళు తడిసాయి, నవ్వూ వచ్చింది. ఇక ఎవర్ని ఆపగలం? గుమాస్తా గారు మాత్రం పాటల పుస్తకం తిరగేసి "పోనీ, వేరే పాట పాడదామా?" అని చాలా సీరియస్‌గా అడిగాడు. దాంతో ఉన్న కాస్త మర్యాదా పోయింది.

మేం బయల్దేరుతుంటే మాస్టారు వేలు ఎత్తి చూపించాడు. "ఆ నవ్వినతన్ని... మళ్ళీ పంపండి. మిగతావాళ్ళు... ఇంటి దగ్గరే ప్రార్థన చేసుకోండి."

మర్నాడు ఆదివారం మా మరిది లేచి నిలబడ్డాడు. ఏం చేస్తానో చెప్పలేక నీళ్ళు నమిలాడు. పాస్టర్ గారే చెప్పారు. బాధలో ఉన్నవాళ్ళను కరుణించడం కూడా వరమేనని, అది సంతోషంగా చేయాలని వాక్యమే చెబుతోందని, మనం కరుణ ఉంచుకుని సంతోషాన్ని ఎక్కడో పారేసుకున్నామని. పాస్టర్ గారు తన తల మీద చెయ్యి పెట్టగానే మా మరిదికి మళ్ళీ నవ్వు వచ్చేసింది. ఈసారి సంఘమంతా నవ్వింది. వాళ్ళ పిల్ల అందరికంటే గట్టిగా నవ్వింది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. కానీ పేరు వచ్చాక మనిషికి భయం పట్టుకుంటుంది. నవ్వించే బ్రదర్ ఎక్కడ అని ఇళ్ళ నుంచి కబుర్లు రావడం మొదలైంది. మా మరిది షాపులో ట్యూబు గీకుతూ జోకులు వల్లెవేసేవాడు. నవ్వు దానంతట అది రాకపోతే ఎలా అని రిహార్సల్ అన్నమాట. అదే అతన్ని తినేస్తోందని నాకు అర్థమవుతూనే ఉంది. నవ్వు రాని రోజున తనని మళ్ళీ వెనక వరసకి పంపేస్తారని అతని బెంగ.

అప్పుడే బేకరీ అమ్మ సంగతి తెలిసింది. ఆమె భర్త హఠాత్తుగా పోయాడు. ఆ రోజు దించిన షట్టరు ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఎవరు వెళ్ళినా కూర్చోమంటుంది, ఉలకదు, పలకదు. "బ్రదర్‌ని తీసుకెళ్ళండమ్మా" అని ఈసారి గుమాస్తా గారే నాతో అన్నాడు. దారి పొడుగునా మా మరిది పెదవులు కదుపుతూనే ఉన్నాడు. నేను చెప్పాల్సిన ఓదార్పు మాటలు కూడా బాగా తయారుచేసుకున్నాను.

ఆమె మమ్మల్ని బేకరీ వెనక గదిలో కూర్చోబెట్టింది. ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. పొయ్యి చల్లగా ఉంది. మేకుకి పిండి మరకలున్న ఏప్రాన్ వేలాడుతోంది. ఆమె మాకెదురుగా కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మా షాపుకి ఒకాయన సైకిలు తోసుకుంటూ వచ్చాడమ్మా" అని మొదలుపెట్టాడు మా మరిది.

ఆమె అతని వంక చూసింది. అతను ఆమె మొహం చూశాడు. ఆ సైకిలాయన ఎంతకీ షాపు చేరలేదు.

"నన్ను నవ్వించమని పంపారా?" అందామె.

"అవునండి." అతను తల దించుకున్నాడు. "నవ్వు రావట్లేదమ్మా."

"నాకు ఏడుపు రావట్లేదు" అందామె.

ఇప్పుడు నా మాటలకు సమయమని నోరు తెరిచాను. మా మరిది చెయ్యి అడ్డం పెట్టాడు. నా నోటికి అడ్డం పెట్టినవాళ్ళు అంతకు ముందు లేరు. నోరు మూసుకున్నాను. అతను లేచి వెళ్ళలేదు, కథ మార్చలేదు, ప్రార్థన కూడా ఎత్తుకోలేదు. అలాగే కూర్చున్నాడు. కాసేపయ్యాక, మేకు వైపు చూసి "అది ఆయనదా అమ్మా?" అని అడిగాడు.

"ఆయనదే. ఎప్పుడూ తిరగేసి కట్టుకునేవాడు. జేబు లోపలికి పోయేది. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఒక్కసారైనా వింటేనా..."

అక్కడ ఆమె ఏడ్చింది. అన్నాళ్ళదీ ఒకేసారి ఏడ్చింది. నేను ఆమె పక్కకి జరిగి భుజం పట్టుకున్నాను. తల ఎత్తి చూస్తే మా మరిది కూడా చేత్తో కళ్ళు ఒత్తుకుంటూ ఏడుస్తున్నాడు, ఎరగని మనిషి కోసం. ఏడుపు మధ్యలోనే ఆమె ఆయన మాడబెట్టిన రొట్టెల గురించి చెప్పింది, ఆయన మొండితనం గురించి చెప్పింది. ఒక చోట, ఆ మాడిన రొట్టెని కూడా ఆయన బాగుందంటూ తిన్న ముచ్చట చెబుతూ, ఆమే కాస్త నవ్వింది.

గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చింది. "రేపు కూడా రా బాబూ" అంది అతనితో. "నవ్వు రాకపోయినా రా."

వస్తానమ్మా అన్నాడు. వీధి మలుపు తిరిగాం. తరవాత అతను నడిరోడ్డు మీద ఆగిపోయాడు. వెనకాల ఒక బండివాడు హారన్ కొట్టి తిట్టి వెళ్ళాడు. ఎర్రబడ్డ కళ్ళతోనే, ముక్కు తుడుచుకుంటూ, మా మరిది నవ్వడం మొదలుపెట్టాడు.

"విన్నావా వదినా?" అన్నాడు. "నన్ను ఊరికే రమ్మంది."