చేతికివ్వని బెల్లం

జగ్గయ్యపేటలో జ్ఞానప్రసూనాంబ నడిపే కిరాణా కొట్లో నెల రోజులుగా ఏ సరుకూ ఎవరి చేతికీ అందలేదు. ఉప్పు చేతికిస్తే తగువులొస్తాయని ఎవరైనా బల్ల మీదే పెడతారు. ఆమె బెల్లం, చిల్లర కూడా అలాగే పెట్టసాగింది.

"బెల్లం కూడా ఉప్పైపోయిందా షావుకారమ్మా?" అని పాత ఖాతాదారు పున్నమ్మ ఎకసెక్కమాడితే నవ్వేసి బెల్లం బల్ల మీదే పెట్టింది.

కుష్ఠు మందుల కోర్సు ఆమె నిరుడే పూర్తి చేసింది. నెల కిందట జ్వరం తగిలి, చేతుల మీద ఎర్రటి గడ్డలు లేచేసరికి జబ్బు తిరగబెట్టిందనుకుంది. నందిగామలో డాక్టరు నీరజ ఆ గడ్డలు చూసి రక్తపరీక్ష చేయించింది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ ఆరు దాటకూడదు. ఆమెకు డెబ్భై రెండు ఉంది.

"జబ్బు తిరగబెట్టలేదండీ. క్రిములు ఎప్పుడో చచ్చాయి. చచ్చిన పామునే మీ ఒళ్లు ఇంకా కొడుతోంది. ఇది ఎవరికీ అంటదు" అని డాక్టరు మందులు రాసింది. ప్రసూనాంబ తల ఊపింది గానీ, చెయ్యి చాచడానికి ధైర్యం చాలలేదు.

మొన్న పొద్దున మళ్లీ రక్తమిచ్చి వచ్చింది. సాయంత్రం పున్నమ్మ బెల్లం అడుగుతుండగా ఫోను మోగింది.

"బాగా తగ్గిందండీ. మందు మాత్రం ఒక్కసారిగా మానకండి, మెల్లగా తగ్గిద్దాం" అంది డాక్టరు.

ప్రసూనాంబ అటు తిరిగి గొంతు తగ్గించింది. "ఎవరికీ అంటదు గదమ్మా?"

"అప్పుడూ అదే చెప్పా కదండీ."

ఫోను పెట్టేసి, ఓ బెల్లం ముక్క పగలగొట్టి పున్నమ్మ అరచేతిలో పెట్టింది.

"మరి ఉప్పో?" అంది పున్నమ్మ.

"అది బల్ల మీదే."

కాసేపటికి ఫోనులోకి రిపోర్టు వచ్చింది. సీఆర్‌పీ: ఐదు.