మునియమ్మాళ్ విన్న పాట

తమిళనాట కోవిల్‌పట్టి తూర్పు కొసన, అగ్గిపెట్టెల కంపెనీల వెనకున్న ఆ వీధిలో ఎవరైనా పోతే ముందు కబురు వెళ్ళేది మాయక్కాళ్‌కే. చుట్టాలకి ఆ తర్వాత. ఆమె వచ్చి కూర్చునేదాకా ఆడవాళ్ళ ఏడుపు ఒక దారికి వచ్చేది కాదు, ఎవరికి వాళ్ళు ముక్కు చీదుకుంటూ ఉండేవాళ్ళు. ఆమె వచ్చి, కొప్పు విప్పి, అటూ ఇటూ ఉన్న ఇద్దరి భుజాల మీద చేతులేసి మొదటి మాట ఎత్తుకుందంటే, బీడీలు కాలుస్తూ పాడె కట్టే మగవాళ్ళు కూడా తలలు దించుకునేవాళ్ళు.

ఒప్పారి, అంటే చావు దగ్గర ఏడుపు పాట, పాడేవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. పోయిన ప్రతివాడినీ రాజనీ బంగారమనీ పొగడడం వాళ్ళ పద్ధతి. మాయక్కాళ్ అలా కాదు. తాగుబోతు పోతే వాడి తాగుడు గురించే పాడేది. తాగి తూలుతూ వచ్చి కూడా గుమ్మంలో కుక్కకి బువ్వ పెట్టకుండా వాడు ఏనాడూ పడుకోలేదని పాడేది. అంతా ఆ వీధివాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగులో, అప్పటికప్పుడు కట్టి. వింటూంటే పోయిన మనిషి లేచి వీధిలో ఒకసారి నడిచి వెళ్ళినట్టుండేది.

మామూలు రోజుల్లో మాత్రం ఆమెకి నోరుందన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు. తీప్పెట్టి ఆపీసులో, అగ్గిపెట్టెల కంపెనీని అక్కడ అందరూ అలాగే అంటారు, చెక్క చట్టంలో వరసగా పుల్లలు అమరుస్తూ పొద్దు గడిపేది. మేస్త్రీ ఆమె పని ఇంకొకతె పేర రాసినా నోరెత్తేది కాదు. అంగడిలో తమిళం మాట్లాడవలసి వస్తే కావలసినదాన్ని వేలితో చూపించి ఊరుకునేది.

"సచ్చినోళ్ళ ముందరే దీనికి నోరు. బతికినోళ్ళంటే బయం," అని అత్త మునియమ్మాళ్ వీధికంతా వినపడేట్టు అనేది.

అది నిజమే. పుల్లలు అమరుస్తూంటే ఎదురుగా కూర్చున్న బతికున్న మనుషుల మీదే మాయక్కాళ్‌కి పాటలు వచ్చేవి. అగ్గిమందు పొగకి దగ్గే ముసలామె మీద, మొగుడు వదిలేసినా రోజూ పూలు పెట్టుకుని పనికొచ్చే పిల్ల మీద. వచ్చిన పాటని వచ్చినట్టే మింగేసేది. చావు లేని చోట ఆ రాగం ఎత్తితే చావు దారి తెలుసుకుని ఆ గడపకే వస్తుందని వాళ్ళ నమ్మకం. చిన్నప్పుడు తెలియక కూనిరాగం తీస్తే తల్లి తొడ మీద రక్తం వచ్చేట్టు గిల్లింది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పళ్ళు రాని బిడ్డ పోతే పాట పాడరు.

తొంభై ఒకటిలో మాయక్కాళ్ తొలిచూలు ఆడపిల్ల జ్వరంతో పోయింది. దానికింకా పళ్ళు రాలేదు. భర్త కాళిముత్తు బిడ్డని పాత చీరలో చుట్టి ఎత్తుకున్నాడు. మాయక్కాళ్ గొంతు దానంతట అదే తెరుచుకుంది. ఒక్క మాట బయటికొచ్చిందో లేదో, మునియమ్మాళ్ అరచెయ్యి వచ్చి ఆమె నోటికి అడ్డం పడింది. మగవాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. తర్వాత జెయంతి పుట్టింది, పెరిగింది, బడికి పోయింది. అత్తాకోడళ్ళు ఒకే పొయ్యి దగ్గర వండుకుని తిన్నారు, పోట్లాడుకున్నారు. ఆ చెయ్యి సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

రెండువేల నాలుగులో, చింతకాయలు రాలే కాలంలో మునియమ్మాళ్‌కి కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఒకరోజు మాయక్కాళ్ గంజి తాగిస్తుంటే ముసలామె గిన్నెని పక్కకి జరిపింది.

"ఊరందరికీ పాడినావు గదే. నా మీద ఏం పాడతావు?"

మాయక్కాళ్ గిన్నెని మళ్ళీ ఆమె దగ్గరికి జరిపింది.

"సచ్చినంక పాడితే నాకెట్ల ఇనపడతాదే? నువ్వేం పెట్టుకోనుండావో నేను ఇనాల. ఇబ్బుడు పాడు."

"అట్ల పాడకూడదత్తా."

"కూడదని నీకు చెప్పింది నేనే గదా. నేనే అడుగుతుండా."

మాయక్కాళ్ గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే గోడ పంచుకున్నవి. అవతలి గదిలో మునియమ్మాళ్ చెల్లెలు పట్టమ్మాళ్ ఉంటుంది. చావుల దగ్గర మాయక్కాళ్ పాటకి వంత కలిపేది ఆ పట్టమ్మాళే. రాగం ఎత్తిన మరుక్షణం వచ్చి జుట్టు పట్టుకుంటుంది. అదొక భయం. అసలు భయం వేరే. పోయినవాళ్ళు మొహం చిట్లించరు. బతికున్న మనిషి కళ్ళలోకి చూస్తూ ఆమె గురించి ఉన్నది ఉన్నట్టు ఎలా పాడాలి? ఆ చెయ్యి గురించి పాడకుండా మునియమ్మాళ్ మీద పాట ఎలా అవుతుంది?

కాళిముత్తు విరుదునగర్‌లో మిరపకాయల గోదాముల్లో మూటలు మోస్తాడు. పొద్దున రైల్లో పోయి చీకటి పడ్డాక వస్తాడు. మధ్యాహ్నం బువ్వ వేళకి ఒకసారి చూసి రావచ్చని తల్లిని అక్కడే ఆసుపత్రిలో చేర్పించాడు. మాయక్కాళ్ పని మానుకుని తోడుండిపోయింది. ఆడవాళ్ళ వార్డంతా తమిళమే. కిటికీలోంచి గాలి తిరిగినప్పుడల్లా మిరప ఘాటు వచ్చి అందరూ కలిసి తుమ్మేవాళ్ళు. పక్క మంచం మీద తమిళ పిల్ల ఒకతె, నెలల బిడ్డని పెట్టుకుని ఉండేది. ఆ బిడ్డ ఎంతసేపూ ఏడుపే.

ఇక్కడ తమ తెలుగు ఎవరికీ తెలియదన్న సంగతి ముందు పట్టుకున్నది ముసలామే. "గోడకవతల నా చెల్లెలు లేదిక్కడ," అంది నవ్వుతూ.

మాయక్కాళ్ ఒకసారి నోరు తెరిచింది. గొంతు రాలేదు. దగ్గు వచ్చినట్టు నటించి నీళ్ళు తాగింది.

"శవాన్ని జూస్తేనే గదా నీకు గొంతు. పోనీలే, కొంచెం ఓర్చుకో, అయిపోతా," అని మునియమ్మాళ్ అటు తిరిగింది. ఎప్పుడూ అనే ఎత్తిపొడుపే. కానీ ఈసారి మాట చివర ఊపిరి అందలేదు. దిండు మీద ఆ బక్క మెడ కొట్టుకోవడం మాయక్కాళ్ చూసింది. ఇంకొక్క వారం మింగి ఊరుకుంటే ఈ పాట కూడా చెవులు లేని మనిషికే పాడవలసి వస్తుందని అప్పుడు తెలిసింది ఆమెకి.

మంచం పక్కన నేల మీద కూర్చుంది. కొప్పు విప్పలేదు. అత్త చెవి దగ్గరికి వంగి సన్నగా ఎత్తుకుంది.

*నల్లరేగడి నేలంతా నీ కాలి జాడ అత్తా,*
*నీడ చూసి ఒక్కనాడు కూసోలేదు అత్తా,*
*నువ్వు తాగక నాకు పెట్టితివి గంజిగిన్నె అత్తా,*
*నా నోరు మూసింది గూడా ఆ చెయ్యే గదా అత్తా.*

ఆ చివరి మాట దగ్గర కూడా ఆగలేదు. మునియమ్మాళ్ కళ్ళు మూసుకుని వింది. గంజి మాటకి తల ఊపింది, చెయ్యి మాటకి ఊపలేదు. పాట ఆగాక కళ్ళు తెరిచి పైకప్పుకేసి చూసింది.

"ఆ పొద్దు నిన్ను పాడనిచ్చుంటే, పాడతా పాడతా నువ్వు గూడా దాని ఎనకాలే పొయ్యుంటావే. నీ కండ్లు అట్లుండినాయి. కట్టుబాటూ గాదు, ఇంగోటీ గాదు. నాకు బయం."

ముసలామె వాచిన చెయ్యి చాచి కోడలి గడ్డం పట్టుకుంది.

"ఆ బిడ్డకు గూడా పాడు. నేనింటా."

మాయక్కాళ్ పాడింది. పదమూడేళ్ళ కిందట అరచేతి కింద ఆగిపోయిన మాట దగ్గరే ఎత్తుకుంది. దానికి ఇంకా పేరు పెట్టలేదని, పిలుద్దామంటే ఏమని పిలవాలో తెలియడం లేదని పాడింది. వస్తాయనుకున్న రెండు పళ్ళ గురించి పాడింది. మునియమ్మాళ్ కళ్ళ చివర్లనుంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోతున్నా తుడుచుకోలేదు.

పాట అయ్యాక చూస్తే పక్క మంచం మీది బిడ్డ నిద్రపోయి ఉంది. ఎంత మంచి జోలపాటక్కా, ఏ ఊరిది, ఇంకొకసారి పాడవా అని ఆ తమిళ పిల్ల అడిగింది. బతికున్న పసిబిడ్డ దగ్గర ఏడుపు పాట. మాయక్కాళ్ లేచి వెళ్ళి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. ఇది మా ఇంటి పాట అని తనకొచ్చిన తమిళంలో చెప్పింది, అంతే.

నాలుగోనాడు మునియమ్మాళ్ పోయింది.

వీధిలో ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని నడుమ చోటు వదిలారు. మాయక్కాళ్ వచ్చి కూర్చుంది, భుజాల మీద చేతులేసింది. పాట ఎత్తలేదు. పట్టమ్మాళ్ మోచేత్తో పొడిచింది. అయినా ఎత్తలేదు. వినవలసిన మనిషి విని వెళ్ళింది, మళ్ళీ పాడడానికి ఆమెకి ఏమీ మిగల్లేదు. బతికినన్నాళ్ళూ అత్త చేతి గంజి తాగి ఒక్క పాటకి కూడా నోరు రాలేదా అని గుసగుసలు మొదలయ్యాయి. పాట లేకుండానే మునియమ్మాళ్ వీధి మలుపు తిరిగింది.

పదహారో రోజు కర్మకి చేరిన నలుగురిలో, ఎందుకు పాడలేదని పట్టమ్మాళ్ మొహం మీదే అడిగింది. మాయక్కాళ్ ఎప్పటిలా తల దించుకుని ఉంటే ఆ మాట అక్కడితో పోయేది.

"పాడినా చిన్నత్తా. ఆమె బతికుండంగానే పాడినా. అడిగింది, పాడినా."

ఆ తర్వాత ఆమె మీదికి రాని మాట లేదు. పిలిచి మరీ చావుని తెచ్చిందన్నారు. కాళిముత్తు చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు, ఆమె పెట్టిన బువ్వ తింటూనే మాట్లాడలేదు. వీధిలో ఇద్దరు పోయారు. ఎవరూ ఆమెకి కబురు పెట్టలేదు. పక్క వీధినుంచి ఎవరినో తెచ్చుకున్నారు. పోయినవాళ్ళని ఆ వచ్చినామె రాజనీ బంగారమనీ పొగడుతుంటే మాయక్కాళ్ ఇంట్లో కూర్చుని వింది. అత్తకి పాడినందుకు ఒక్క క్షణం కూడా బాధపడలేదు. ఆ మంచం దగ్గర పాడాక ఇంకెక్కడా పాడే చోటు లేకుండా పోయినందుకు మాత్రం కుమిలిపోయింది. చట్టంలో పుల్లలు అమరుస్తూ మళ్ళీ మింగడం మొదలుపెట్టింది.

మరుసటేడు వానలకి పట్టమ్మాళ్‌కి దగ్గు పట్టుకుంది, వదల్లేదు. ఒక ఆదివారం ఎండ కాసిన పొద్దున, వీధిలో అందరూ నీళ్ళ కుళాయి దగ్గర ఉన్నప్పుడు, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి గుమ్మంలో కూలబడింది.

"నువ్వు పాడినబ్బుడు మా అక్క ఏడ్చిందా?" అంది ఆయాసం తీరాక.

"ఏడ్చింది, చిన్నత్తా."

పట్టమ్మాళ్ వీధికేసి ఒకసారి చూసి లోపలికి జరిగింది. "నాది గూడా ఇనిపించు," అంటూ ఒక చెయ్యి వెనక్కి చాపి తలుపు ముయ్యబోయింది.

"తలుపు తీసే ఉండనీ," అంది మాయక్కాళ్, ఆమె ఎదురుగా కూర్చుంటూ.