పెద్దమ్మ విన్న కన్నడం

ధర్మవరంలో మగ్గం నేసే మా పెద్దమ్మకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. రాదని ఒప్పుకోదు కూడా. ఎవరు ఏ భాషలో మాట్లాడినా "అర్థమయిందిలే" అని తల ఊపేస్తుంది.

ఆమెకు గౌరిబిదనూరు నుంచి కన్నడం పిల్ల కోడలిగా వచ్చింది. పసితనంలోనే తల్లి పోయిన పిల్ల. పెద్దమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి పక్కనే కూర్చుని వడ్డించింది. మూడోది వేయబోతుంటే ఆ పిల్ల విస్తరి మీద చేతులు అడ్డం పెట్టి, "సాకు అత్తే, సాకు" అంది.

తనను పెంచమని అడుగుతున్నట్టు వినపడింది పెద్దమ్మకు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిన్ను సాకక ఇంకేం చేస్తానమ్మీ!" అని ఇంకో రెండు వేసి, నెయ్యి పోసింది.

ఆ పిల్ల బెదిరిపోయి "సాకు, సాకు" అని అరిచేకొద్దీ ఓళిగలు పడుతూనే ఉన్నాయి.

హిందూపురంలో చదువుకున్నందువల్ల నాకు కాస్త కన్నడం వచ్చు. పెద్దమ్మను వంటింట్లోకి పిలిచి, "వాళ్ల భాషలో సాకు అంటే చాలు అని" అన్నాను.

పెద్దమ్మ తెల్లబోయింది. "ఆ పాప చాలనే అనిండొచ్చు అబ్బీ. నాకు సాకమనే ఇనపడింది. సాకుతానని మాట ఇచ్చేస్తినే, ఇంగ ఎట్ల?" అంది.

ఓళిగల గిన్నె అక్కడే పెట్టేసి, కోడలి విస్తరిలో మిగిలినవి తినడానికి వెళ్లి పక్కన కూర్చుంది.