క్లచ్ కాలు

నాకు కోపం ఎక్కువ. మా తమ్ముడికి అంతకన్నా ఎక్కువ. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపారని ఎవరి కాలరో పట్టుకుని వచ్చేవాడు. ఇంటికొచ్చాక వాడి కాలరు నేను పట్టుకునేదాన్ని.

ముక్త్యాల నుంచి సిమెంటు లోడు తోలేవాడు. ఎడమ తొడలో గడ్డ లేచింది. నొప్పి లేదు. క్లచ్ తొక్కీ తొక్కీ కండ గట్టిపడిందని తోటి డ్రైవర్లు తేల్చేశారు. వాళ్ళలో అదొక గొప్ప. ఏళ్ళ తరబడి స్టీరింగు పట్టినోడికే వస్తుందిరా అని తొడ చరిచి నవ్వేవాళ్ళు. వీడూ పొంగిపోయి లుంగీ పైకి లాగి అందరికీ చూపించేవాడు. గడ్డ కొబ్బరికాయంత అయ్యేదాకా అదే వరస.

నందిగామలో గడ్డలు కోసే ఆర్‌ఎంపీ ఒకడుండేవాడు. చీము పట్టిందన్నాడు. పరీక్ష లేదు, పాడు లేదు. బల్ల మీద పడుకోబెట్టి, నలుగురి చేత పట్టించి బ్లేడు దించాడు. చీము రాలేదు. నెత్తురు చిమ్మి ఆర్‌ఎంపీ చొక్కా తడిసింది. ఇంకా లోపలుందని మళ్ళీ కోశాడు, వేలు పెట్టి కెలికాడు. మావాడి అరుపు విని తలుపు తోసుకెళ్తే, "చెడు రక్తం పోతోందమ్మా, మంచిదే" అన్నాడు.

పుండు మానలేదు సరికదా, కోసిన చోట నుంచి కండ బయటికి పెరిగింది. జగ్గయ్యపేటలో ఒక సర్జన్ గారు కట్టు విప్పి చూసి వెంటనే కప్పేశారు. దీన్నెవరూ ముట్టుకోవద్దు, ఈరోజే హైదరాబాదు బయల్దేరండన్నారు.

అక్కడ క్యాన్సర్ ఆసుపత్రిలో స్కానింగు తీశారు. లావుపాటి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. సార్కోమా అన్నారు, కండలో పుట్టే క్యాన్సర్. ఊపిరితిత్తుల దాకా పాకలేదు. "బ్లేడు పడకముందు వస్తే గడ్డను చుట్టూ కాస్త మంచి కండతో సహా తీసేసి కాలు నిలిపేవాళ్ళం. కెలికి రోగాన్ని తొడంతా పూశారు. ఇప్పుడు కాలు తీస్తేనే మనిషి దక్కుతాడు" అంది డాక్టరమ్మ.

కాలు లేని డ్రైవరెందుకు, చస్తాగాని సంతకం పెట్టనన్నాడు తమ్ముడు. చేతికున్న సెలైను సూది పీకేసి స్టాండును నా మీదికి తోశాడు. అది భుజానికి తగిలింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వార్డంతా చూస్తుండగా వాడి చెంప పగలగొట్టా. "చావడానికా నిన్ను చంకనేసుకుని పెంచింది? కాలు పోతే పోనీరా వెధవా, నువ్వుంటే రోజూ కొట్టుకుందాం" అన్నా. అంటూనే ఏడ్చేశా. వాడు తిరిగి కొట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకునే, సంతకానికి కాగితం ఇమ్మని చెయ్యి చాపాడు.

కర్రలతో నడక అలవాటయ్యాక నందిగామ తీసుకెళ్ళమన్నాడు. కొంగులో పచ్చడిబండ మూటగట్టుకుని వెంట వెళ్ళా. ఆ ఆర్‌ఎంపీ తల పగలగొట్టాలనే వెళ్ళా. వాడు మమ్మల్ని తలెత్తి చూడనైనా లేదు. బల్ల మీద ఒక ముసలావిడ, మోచేతి పైన గడ్డ. "కూర్చోండి, దీన్ని కోసేసి వస్తా" అన్నాడు.

తమ్ముడి కర్ర లేచింది. ట్రే, బ్లేడ్లు, సీసాలు ఎగిరి గోడకు కొట్టుకున్నాయి. రెండో దెబ్బ ఆర్‌ఎంపీ మణికట్టు మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు వినపడింది. ఆ ఊపుకి తమ్ముడూ కింద పడ్డాడు.

ముసలావిడ బల్ల మీద లేచి కూర్చుని, "కోస్తే తగ్గుద్దన్నాడు గదయ్యా" అంది.

తమ్ముడు నేల మీద నుంచే లుంగీ పైకి లాగి చూపించాడు. "నాకూ అదే చెప్పాడమ్మా. ముందు పరీక్ష చేయించుకో" అన్నాడు.

పచ్చడిబండ అక్కడే పడేసి, ఆవిణ్ణి జగ్గయ్యపేట బస్సెక్కించాం.